ఉప్పు డబ్బా మూత తీస్తే తెలిసేదానికి యాప్ దేనికి?

ప్రశ్న: మాది విజయనగరం శివార్లలో కొత్త ఇల్లు. బోరు నీళ్లే దిక్కు. గీజర్ కాయిల్ రెండేళ్లకే పోయింది. కుళాయిల చుట్టూ తెల్లగా సున్నం కడుతోంది, కందిపప్పు ఎంత ఉడికించినా పలుకు పోదు. నీళ్లలో సున్నం తీసే మిషన్ (సాఫ్ట్‌నర్) అమ్మే అతను వచ్చి పెన్నులాంటి మీటర్ గ్లాసులో ముంచి, ‘టీడీఎస్ 900 ఉంది సార్, ఫుల్ ఆటోమేటిక్ వైఫై మోడల్ పెట్టించుకోండి’ అన్నాడు. తీసుకోమంటారా?

జవాబు: ఎండలు ముదిరితే చాలు, ఇదే ఉత్తరం పేర్లు మారి వస్తుంటుంది. ఆ పెన్ను మీటర్‌ని పక్కన పెట్టండి. నీళ్లలో కరెంటు ఎంత బాగా పారుతోందో చూసి, కరిగిన లవణాలన్నిటికీ కలిపి అది ఒక అంకె చూపిస్తుంది. అందులో సున్నం ఎంతో, మామూలు ఉప్పు ఎంతో దానికి తెలీదు. సాఫ్ట్‌నర్ పట్టుకునేది కాల్షియం, మెగ్నీషియంలను. వాటి బదులు సోడియం వదులుతుంది. కాబట్టి మిషన్ పెట్టాక కూడా ఆ మీటర్ మీద 900 కాస్త అటూ ఇటూగా అలాగే ఉంటుంది. అప్పుడు ‘మోసపోయాం’ అంటూ నాకు రెండో ఉత్తరం వస్తుంది.

మీరు తెలుసుకోవాల్సింది హార్డ్‌నెస్, అంటే నీళ్లలో ఆ కాల్షియం, మెగ్నీషియం ఎంతున్నాయో చెప్పే లెక్క. గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబ్‌లో నీళ్లు ఇచ్చి పరీక్ష చేయించుకోవచ్చు. లేదంటే చుక్కల కిట్ కొనుక్కోండి. చిన్న సీసాలో గీత వరకు బోరు నీళ్లు పోసి, చిటికెడు పొడి కలిపితే వంగపండు ఎరుపుకి తిరుగుతుంది. రెండో మందు ఒక్కో చుక్కా వేస్తూ, కదుపుతూ లెక్కపెట్టాలి. చివరి చుక్కకి ఎరుపు పూర్తిగా పోయి నీలం వస్తుంది. ఒక్కో చుక్క ఎన్ని మిల్లీగ్రాములకు సమానమో కిట్ మీదే రాసి ఉంటుంది. తాగునీటికి మన దేశ ప్రమాణం లీటరుకు 200 మిల్లీగ్రాములు. వేరే దారి లేకపోతే 600 వరకు సరిపెట్టుకోవచ్చంటుంది.

మీది 400 వచ్చిందనుకుందాం. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున నలుగురికి 540 లీటర్లు, అంటే రోజూ 216 గ్రాముల సున్నం తీయాలి. 25 లీటర్ల రెజిన్ (సున్నాన్ని పట్టుకునే సన్నటి పూసలు) ఉన్న మిషన్ ఒకసారి ఉప్పునీళ్లతో కడిగాక సుమారు 1,200 గ్రాములు పట్టుకుంటుంది. అయిదారు రోజులకోసారి కడగాలి, ప్రతిసారీ నాలుగు కిలోల దాకా ఉప్పు పోతుంది. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించని వాళ్ల దగ్గర కొనొద్దు. పైపుకి అయస్కాంతం చుట్టి సున్నం తీసేస్తామనే వాళ్లని గేటు దగ్గరే ఆపేయండి.

ఇక అసలు చిక్కు ప్రెషర్ దగ్గర. మన ఇళ్లలో ట్యాంకు డాబా మీద ఉంటుంది. పది మీటర్ల ఎత్తు నుంచి దిగిన నీటికి ఒక బార్ ఒత్తిడి. ట్యాంకుకీ కింద పెట్టిన మిషన్‌కీ మధ్య ఆరేడు మీటర్లే ఉంటే వచ్చేది 0.6, 0.7 బార్. ఆటోమేటిక్ వాల్వుల్లో చాలావాటికి అంతకు రెట్టింపు కావాలి. అది లేకపోతే పక్క డబ్బాలోని ఉప్పునీటిని వాల్వు పీల్చలేదు. కానీ డిస్‌ప్లే మీద మాత్రం దర్జాగా ‘రీజనరేషన్ కంప్లీట్’, అంటే కడగడం పూర్తయిందని పడుతుంది! నెల గడిచినా ఉప్పు తగ్గలేదంటే పొదుపుగా వాడుతోందని మురిసిపోకండి, మిషన్ అసలు పని చేయడం లేదు. బూస్టర్ పంపు పెట్టించండి, లేదా తక్కువ ఒత్తిడికి పనికొచ్చే మాన్యువల్ మోడల్ అడగండి.

వంటింటి తాగునీటి లైను వేరుగా ఉంచండి. 100 మిల్లీగ్రాముల హార్డ్‌నెస్ తీస్తే లీటరులో 46 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది. మీ 400కి అది 184. ఇంట్లో బీపీ ఉన్నవాళ్లుంటే డాక్టర్‌కి ఒక మాట చెప్పండి. మొక్కలకీ బోరు నీళ్లే పోయండి. బకెట్లో పట్టిన నీళ్లు తెల్లారేసరికి ఇటుక రంగుకి తిరుగుతున్నాయంటే ఐరన్ ఉన్నట్టు, ముందు ఐరన్ ఫిల్టర్ పెట్టకపోతే రెజిన్ పాడవుతుంది.

వైఫై మోడల్ అక్కర్లేదు. ఎందుకో కింద చెబుతాను.

ప్రశ్న: మాది సోంపేట దగ్గర పల్లె. సాఫ్ట్‌నర్ పెట్టుకుంటే కిడ్నీ జబ్బు రాదంటున్నారు. నిజమేనా?

జవాబు: కాదు. మీ ఉద్దానం ప్రాంతపు కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. ఆ భయం మీద మిషన్ అమ్మడం పాపం. సాఫ్ట్‌నర్ సున్నం ఒక్కటే తీస్తుంది. ఫ్లోరైడ్ తీయదు, సముద్రపు పక్క బోర్లలోని ఉప్పదనాన్నీ తీయదు. హిరమండలం రిజర్వాయర్ నుంచి వచ్చే కుళాయి మీ ఊరికి చేరి ఉంటే తాగడానికి అవే పట్టుకోండి.

ప్రశ్న: శ్రీకాకుళంలో ఉంటాం. మా స్మార్ట్ సాఫ్ట్‌నర్‌ని బిగించిన కుర్రాడు తన ఫోన్ నంబరుతోనే అకౌంట్ తెరిచాడు. నా యాప్‌లో నేను ‘గెస్ట్’ని. ఇప్పుడతను ఉద్యోగం మానేశాడట. పైగా కరెంటు పోయి వస్తే చాలు, పొద్దున్న స్నానాల వేళకి మిషన్ కడుక్కోవడం మొదలుపెడుతోంది. ఏం చేయాలి?

జవాబు: రెండోది ముందు. కరెంటు పోగానే మీ మిషన్ గడియారం సున్నాకి, అంటే అర్ధరాత్రి 12కి వెళ్లిపోతోంది. కడుగుడు రాత్రి రెండింటికి పెట్టి ఉంటుంది. తెల్లవారుజామున అయిదింటికి కరెంటొస్తే, పొద్దున్న ఏడింటికి దానికి రాత్రి రెండవుతుంది. మీరు సబ్బు రాసుకుని నిలబడ్డప్పుడు అది తీరిగ్గా ఉప్పునీళ్లు పీల్చుకుంటూ ఉంటుంది, కుళాయిలోకి బోరు నీళ్లే వస్తాయి. ఒక చిన్న బటన్ సెల్ పెట్టి ఉంటే ఈ గోల లేదు. యాప్‌కి రంగురంగుల గ్రాఫులు గీసిన వాళ్లకి, మన ఊళ్లలో కరెంటు పోతుందన్న సంగతి తట్టలేదు. చిన్న యూపీఎస్‌కి కలపండి.

నాకు టెన్షన్ పెట్టేది మాత్రం మొదటిది. ఈ ఇంట్లో మిషన్ మీది, యజమాని అతను. ఏ రోజు ఎన్ని లీటర్లు వాడారో గంటల వారీగా అతని ఫోన్‌లో కనిపిస్తుంది. సంక్రాంతికి మీరంతా ఊరెళ్తే గ్రాఫ్ నేలకి అంటుకుంటుంది, ఇంట్లో ఎవరూ లేరని అంతకంటే చక్కగా ఎవరూ చెప్పలేరు. ఆ కుర్రాడు మంచివాడే కావచ్చు. అతను ఫోన్ అమ్ముకున్నా, నంబరు వదిలేశాక అది వేరేవాళ్లకి వెళ్లినా ఆ మంచితనం వాళ్లకి రావాలని లేదు కదా. బిగించే రోజు మీ ఇంటి వైఫై పాస్‌వర్డ్ కూడా అతనికి చెప్పి ఉంటారు. అదే వైఫై మీద మీ సీసీ కెమెరా ఉంది, బ్యాంకు పనులు చేసుకునే ఫోన్ ఉంది.

ఇవాళే రూటర్ పాస్‌వర్డ్ మార్చండి. మిషన్‌ని ఫ్యాక్టరీ రీసెట్ చేసి మీ సొంత నంబరుతో మళ్లీ రిజిస్టర్ చేయండి, రూటర్‌లో ఇంటి ఫోన్లకి సంబంధం లేకుండా విడిగా ఉండే గెస్ట్ నెట్‌వర్క్‌కే కలపండి. యాప్‌కి కాంటాక్ట్స్, ఎస్ఎంఎస్ అనుమతులు తీసేయండి, ఉప్పు డబ్బాకి మీ మేనత్త నంబరుతో పనిలేదు. పాత అకౌంట్ నుంచి విడిపించడం కుదరకపోతే వైఫై నుంచే తీసేయండి. నెట్ లేకపోయినా రెజిన్ తన పని తాను చేసుకుంటుంది.

ఈ పనికోసం ఇంటర్నెట్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతకొద్దు. పైన కనిపించే నంబర్లలో దొంగలవీ ఉంటాయి. ‘సర్వీస్ రిజిస్ట్రేషన్‌కి పది రూపాయలే కట్టండి మేడం’ అంటూ వాట్సాప్‌లో ఒక ఏపీకే ఫైలు (నొక్కితే ఫోన్‌లో యాప్ దిగే ఫైలు) పంపుతారు, లేదా స్క్రీన్ షేరింగ్ యాప్ వేయిస్తారు. పది రూపాయలు కడుతూ మీరు నొక్కిన పిన్‌తో మిగతా ఖాతా ఊడ్చేస్తారు. నంబరు బిల్లు మీదదో, వారంటీ కార్డు మీదదో అయి ఉండాలి. డబ్బు పోతే ఆలోచించకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి, ఆలస్యమైన కొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

అసలు నా గొడవ సాఫ్ట్‌నర్‌తో ఆగదు. ఫ్యాన్‌కి యాప్, మోటార్ స్టార్టర్‌కి యాప్, గేటు లైటుకి యాప్. ఒక అప్‌డేట్ వస్తుంది, నిన్నటిదాకా హోమ్ పేజీలో ఉన్న బటన్ మూడు మెనూల వెనక్కి పోతుంది, లాగిన్ అయితే గానీ కనపడదు. ఓటీపీ కాలేజీకి వెళ్లిన అబ్బాయి ఫోన్‌కి పోతుంది. ఇంట్లో పెద్దావిడ అంతవరకూ చీకట్లో కూర్చోవాలి! గోడకున్న స్విచ్చి ఈ పని ఇన్నేళ్లూ ఎవరి ఫోన్ నంబరూ అడక్కుండానే చేసింది.

ప్రశ్న: కంపెనీ ఉప్పు బిళ్లలు ఖరీదు. మాకు టెక్కలి దగ్గరే. నౌపడ కళ్లుప్పు బస్తా తెచ్చి పోయొచ్చా?

జవాబు: పోయొచ్చు, రెండూ సోడియం క్లోరైడే. కాకపోతే ముందు ఒక గుప్పెడు గాజు గ్లాసులో కరిగించి గంటసేపు వదిలేయండి. అడుగున మట్టి దిగితే ఆ బస్తా వద్దు, ఆ మట్టే వాల్వులోని సన్నటి రంధ్రంలో ఇరుక్కుంటుంది. కడిగి ఆరబెట్టిన ఉప్పు అడిగి తీసుకోండి, ఆర్నెల్లకోసారి డబ్బా ఖాళీ చేసి అడుగు కడగండి.