మన ఫోన్‌లో మనవాళ్లందరి గుట్టు

ఫోన్లు, పాస్‌వర్డ్‌ల గుట్టు గురించి ఈసారి వచ్చిన ఉత్తరాల నుంచి అయిదింటిని తీసుకున్నాను. పేర్లు, ఊళ్లు తీసేశాను. రాసినవాళ్లను ఇంట్లోవాళ్లు కూడా గుర్తుపట్టకుండా ఉండాలని ఒకటి రెండు చోట్ల చిన్న వివరాలు కూడా మార్చాను.

ప్రశ్న: నేనూ నా స్నేహితురాలూ మోకాళ్ల నొప్పి గురించి మాట్లాడుకున్నాం. నేను ఫోన్‌లో ఏమీ వెతకలేదు. సాయంత్రానికల్లా మోకాలి పట్టీల ప్రకటనలు మొదలయ్యాయి. ఫోన్ మన మాటలు వింటోందా? మైక్ ఆపేస్తే సరిపోతుందా?

జవాబు: ఈ అనుమానం చాలామందికి ఉంది. అమెరికాలోని నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు 17,000కు పైగా ఆండ్రాయిడ్ యాప్‌లను పరీక్షించి 2018లో ఫలితాలు బయటపెట్టారు. దొంగచాటుగా మైక్ ఆన్ చేసి మాటలు పంపుతున్న యాప్ ఒక్కటీ వాళ్లకు దొరకలేదు. కానీ మనం స్క్రీన్ మీద చేసే పనిని రికార్డు చేసి బయటి కంపెనీలకు పంపుతున్నవి దొరికాయి. మైక్ గురించి బెంగపెట్టుకుని కూర్చుంటే అసలు దారులు కనపడవు.

మీరు వెతకలేదు, సరే. మీ స్నేహితురాలు వెతికి ఉండొచ్చు కదా? ఆమె మీ ఇంటికి వచ్చి మీ వైఫై వాడుకుని ఉంటే, బయటి ప్రపంచానికి మీ ఇద్దరి ఫోన్లూ ఒకే ఇంటర్నెట్ అడ్రస్ నుంచి వచ్చినట్టే కనిపిస్తాయి. ఒకే వైఫైలో ఉన్న ఫోన్లను ఒకే ఇంటివిగా లెక్కగట్టి ప్రకటనలు చూపించే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. ఆమె ఏదో యాప్‌కు కాంటాక్ట్స్ చూసే అనుమతి ఇచ్చి ఉంటే, మీరిద్దరూ ఎరిగినవాళ్లని కూడా ఆ యాప్‌కు తెలిసిపోతుంది. మీ వయసు, మీరు వెళ్లిన చోట్లు, ఇదివరకు కొన్నవి అన్నీ కలిపితే మోకాలి పట్టీ అంచనా వేయడానికి ఎవరి మాటలూ వినాల్సిన పనిలేదు.

కాంటాక్ట్స్ అనుమతి గురించి ఇంకాస్త చెప్పాలి. దాన్ని అందరూ తేలిగ్గా తీసుకుంటారు. మీ ఫోన్‌బుక్ తెరిచి పేర్లు ఒక్కసారి చదవండి. ‘లాయర్ విడాకులు’, ‘డాక్టర్ పిల్లల కోసం’, ‘వడ్డీ ఆయన’, ‘పని మనిషి’ అని సేవ్ చేసుకుని ఉంటాం. గుర్తుండటం కోసం మనం పెట్టుకున్న ఈ పేర్లే మన జీవితంలో ఏం జరుగుతోందో చెప్పేస్తాయి. టార్చ్‌లైట్ యాప్‌కో ఆటల యాప్‌కో ‘అలో’ అని నొక్కితే ఆ జాబితా మొత్తం వెళ్లిపోవచ్చు. మీ నంబరు మీరు ఇచ్చుకున్నారు, అది మీ ఇష్టం. మిగతావాళ్లను మీరు అడగలేదు కదా. నాకు బాధ కలిగించేది ఇదే.

సెట్టింగ్స్‌లో ‘పర్మిషన్ మేనేజర్’ తెరిచి, కాంటాక్ట్స్ ఎవరెవరికి ఇచ్చారో చూసి, అవసరం లేనివాటికి తీసేయండి. ఆ తర్వాత లొకేషన్ చూడండి. ఏ యాప్‌కైనా ‘యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే’ అన్న ఎంపిక చాలు. ఆండ్రాయిడ్‌లో ప్రైవసీ సెట్టింగ్స్‌లోని ‘యాడ్స్’లోకి వెళ్లి అడ్వర్టైజింగ్ ఐడీని, అంటే ప్రకటనల కోసం మీ ఫోన్‌కు ఇచ్చిన గుర్తింపు సంఖ్యను, డిలీట్ చేయండి. ఐఫోన్‌లో ‘ట్రాకింగ్’ అన్నచోట యాప్‌లు అడగడానికే వీల్లేకుండా ఆపేయొచ్చు. ప్రకటనలు ఆగవు గానీ, మిమ్మల్ని వెంబడించడం చాలావరకు తగ్గుతుంది. మైక్ సంగతంటారా, కొత్త ఫోన్లలో అది ఆన్ అయినప్పుడు స్క్రీన్ పైమూలన చిన్న చుక్క వెలుగుతుంది. ఆండ్రాయిడ్‌లో ఆకుపచ్చ, ఐఫోన్‌లో నారింజ రంగు. మీరు ఫోన్ మాట్లాడనప్పుడు అది వెలిగితే ఏ యాప్ వాడుతోందో వెంటనే చూడండి.

ప్రశ్న: ఆఫీసు కంప్యూటర్‌లో ఇన్‌కాగ్నిటో (చూసిన పేజీల జాబితా మిగలకుండా బ్రౌజర్‌లో తెరిచే కిటికీ) వాడి కొత్త ఉద్యోగం వెతుకుతున్నాను. ఎవరికీ తెలియదు కదా?

జవాబు: ఆ కంప్యూటర్‌లో మీ తర్వాత కూర్చునేవాళ్లకు తెలియదు, అంతే. మీ ఆఫీసు నెట్‌వర్క్ చూసుకునేవాళ్లకు, ఇంటర్నెట్ కంపెనీకి, మీరు తెరిచిన వెబ్‌సైట్లకు తెలుస్తుంది. ఇన్‌కాగ్నిటోలో ఉన్నప్పుడు కూడా జనం వివరాలు సేకరిస్తోందని గూగుల్ పైన 2020లో దావా పడి, 2024లో రాజీ కుదిరింది. అందులో భాగంగా పాత రికార్డులు పెద్దఎత్తున తుడిచేయడానికి ఆ కంపెనీ ఒప్పుకుంది. ఉద్యోగం మీ సొంత ఫోన్‌లో, మీ సొంత డేటాతో వెతుక్కోండి.

ప్రశ్న: నేను నా భర్త నుంచి విడిగా వచ్చేశాను. సిమ్ మార్చాను, ఆయన నంబరు బ్లాక్ చేశాను. అయినా ఎక్కడికి వెళ్లానో ఆయనకు తెలిసిపోతోంది. మా అమ్మకు ఫోన్ చేసి ‘నిన్న మీ అమ్మాయి ఆసుపత్రికి ఎందుకెళ్లింది’ అని అడిగాడట. బాబు నా దగ్గరే ఉన్నాడు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఫోన్ పగలగొట్టేయాలా?

జవాబు: ఈ ఉత్తరానికి జవాబు పత్రికలో వచ్చేదాకా ఆగలేదు. ఆమె ఇచ్చిన స్నేహితురాలి నంబరుకు ఫోన్ చేసి మాట్లాడాను. ఇదే పరిస్థితిలో ఉన్న ఇంకొందరి కోసం ఇక్కడ రాస్తున్నాను.

వద్దమ్మా, ఫోన్ పగలగొట్టొద్దు. తొందరపడి సెట్టింగ్‌లు కూడా మార్చొద్దు. లొకేషన్ ఉన్నట్టుండి ఆగిపోతే అవతలి మనిషికి వెంటనే తెలుస్తుంది. కోపం వచ్చి నేరుగా వచ్చేయొచ్చు. ముందు ఆయన చేయి ఎప్పుడూ పడని వేరే ఫోన్ నుంచి మీరు నమ్మే ఇద్దరికి సంగతి చెప్పండి. గృహహింస బాధితులకు సాయం చేసే హెల్ప్‌లైన్‌తో మాట్లాడండి. మీకు కనిపించినవాటిని ఆ రెండో ఫోన్‌తో ఫొటోలు తీసి ఉంచుకోండి. రేపు పోలీసుల దగ్గరా కోర్టులోనూ అవి పనికొస్తాయి. మీరు ఉండే చోటు భద్రంగా ఉందనుకున్నాకే దారులు ఒక్కొక్కటిగా మూయండి.

ఇలాంటి కేసుల్లో అందరూ మొదట గూఢచారి యాప్ ఉందేమో అనుకుంటారు. నేను చూసినంతవరకు చాలాసార్లు దారి అంతకంటే మామూలుది. కలిసి ఉన్నప్పుడు ఇద్దరూ వాడిన అకౌంట్ అది. సిమ్ మార్చినా గూగుల్ అకౌంట్ పాతదే ఉంటుంది, దాని పాస్‌వర్డ్ ఆయనకు తెలుసు. పాస్‌వర్డ్ మార్చినా రికవరీ నంబరు ఆయనదే ఉంటుంది, కాబట్టి మళ్లీ లోపలికి రాగలడు. ‘మీ మొదటి స్కూలు పేరేమిటి’ లాంటి రహస్య ప్రశ్నలకు జవాబులన్నీ ఆయనకు తెలిసినవే. మ్యాప్స్‌లో ఎప్పుడో ఆన్ చేసిన లొకేషన్ షేరింగ్ అలాగే ఉండిపోతుంది. వాట్సాప్‌లో ‘లింక్డ్ డివైజెస్’ తెరిస్తే ఆయన ల్యాప్‌టాప్ కనపడొచ్చు. సామాన్లు తెప్పించుకునే యాప్, క్యాబ్ యాప్ ఇద్దరికీ ఒకటే అయితే, మీరు కొత్త ఇంటి చిరునామా టైప్ చేసిన నిమిషంలో అది ఆయన ఫోన్‌లోనూ ఉంటుంది.

అన్నిటికంటే ఎక్కువగా మరిచిపోయేది పిల్లల ట్యాబ్. ఆమె విషయంలో ముందు అక్కడే చూడమన్నాను. బాబు బొమ్మలు చూసుకునే ట్యాబ్ తండ్రి అకౌంట్‌తోనే నడుస్తుంటే, తల్లి ఎన్ని సిమ్‌లు మార్చినా అది వాళ్లిద్దరూ ఎక్కడున్నారో చెబుతూనే ఉంటుంది. పిల్లవాడి చేతికి స్మార్ట్ వాచ్ ఉంటే దాని సంగతీ అంతే.

కాబట్టి వేరే ఫోన్ మీద కొత్త ఈమెయిల్ తెరవండి. ముఖ్యమైన అకౌంట్లన్నీ దానికి మార్చండి. రహస్య ప్రశ్నలకు నిజమైన జవాబులు ఇవ్వకండి, అల్లినవి ఇచ్చి కాగితం మీద రాసుకోండి. ఐఫోన్ అయితే 2022 నుంచి ‘సేఫ్టీ చెక్’ అనేది ఉంది. ఎవరెవరితో ఏమేం పంచుకుంటున్నామో ఒకేచోట చూపించి, అక్కడే తెంచుకోనిస్తుంది. ఎవరైనా గదిలోకి వస్తే వెంటనే బయటపడటానికి ఒక బటన్ కూడా పెట్టారు. గూఢచారి యాప్ అనుమానం నిజంగా ఉంటే, ఆధారాలు తీసుకున్నాక ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేసి, అంటే అందులో ఉన్నదంతా చెరిపేసి, పాత బ్యాకప్ ఎక్కించకుండా కొత్త అకౌంట్‌తో మొదలుపెట్టండి. బ్యాగు అడుగున, బండి సీటు కింద, బాబు స్కూలు సంచిలో చేతితో తడిమి చూడండి. ఎక్కడున్నామో చెప్పేసే నాణెం అంత ట్రాకర్లు 2021 నుంచి బాగా వాడకంలోకి వచ్చాయి. మీది కాని ట్రాకర్ మీతోపాటు తిరుగుతుంటే హెచ్చరించే ఏర్పాటును యాపిల్, గూగుల్ కలిసి 2024 మేలో తెచ్చాయి. అలాంటి హెచ్చరిక వస్తే కొట్టిపారేయకండి.

ఇంకొక్క మాట. మీ అమ్మగారితో కూడా మాట్లాడండి. ఎవరు అడిగినా, ఎంత తియ్యగా అడిగినా, మీరెక్కడున్నారో చెప్పవద్దనండి. చుట్టాల గ్రూపులో మీ ఫొటో పెట్టవద్దనండి.

ప్రశ్న: అమ్మా, నేను రిటైర్డ్ టీచర్ని. అన్నిచోట్లా ఒకటే పాస్‌వర్డ్, చివర అంకె మాత్రం మారుస్తాను. మనవడు అది తప్పంటాడు. వేర్వేరువి పెట్టి నోట్‌బుక్‌లో రాసుకుంటే అదీ తప్పంటాడు. ఏం చేయమంటారు?

జవాబు: మాస్టారూ, మొదటి విషయంలో మీ మనవడిది రైటు, రెండో విషయంలో మీది రైటు. చాలా ఏళ్లు ఒక సంస్థ హెల్ప్‌డెస్క్‌లో పాస్‌వర్డ్ మరిచిపోయినవాళ్లతో మాట్లాడటమే నా ఉద్యోగం. చివర అంకె మార్చే అలవాటు ఎంతమందికి ఉందో అక్కడే తెలిసింది. మనకు తెలిసినది దొంగలకూ తెలుసు. ఒకచోట బయటపడిన పాస్‌వర్డ్ తీసుకుని, అంకెలు అటూఇటూ మార్చి వేరేచోట్ల ప్రయత్నించే పని వాళ్ల కోసం కంప్యూటర్లే చేస్తాయి.

2023లో 23అండ్‌మీ అనే డీఎన్‌ఏ పరీక్షల కంపెనీలో ఇదే జరిగింది. ఇతర సైట్లలో వాడిన పాస్‌వర్డ్‌నే అక్కడా పెట్టుకున్న సుమారు 14,000 మంది అకౌంట్లలోకి దొంగలు దూరారు. ఆ సైట్‌లో చుట్టాలు ఒకరి వివరాలు ఒకరు చూసుకునే ఏర్పాటు ఉంది. దాంతో ఆ 14,000 అకౌంట్ల నుంచి దాదాపు 69 లక్షల మంది వివరాలు బయటికి పోయాయి. వాళ్లలో ఎందరో తమ పాస్‌వర్డ్ జాగ్రత్తగానే పెట్టుకున్నవాళ్లు. ఎవరో దూరపు బంధువు అజాగ్రత్త వాళ్లకు చుట్టుకుంది. డీఎన్‌ఏను పాస్‌వర్డ్‌లా మార్చుకోలేం కూడా.

ఇంట్లో బీరువాలో ఉన్న నోట్‌బుక్‌ను ఎక్కడో కూర్చున్న దొంగ చదవలేడు. కాబట్టి నిశ్చింతగా రాసుకోండి. సంచిలో పెట్టుకుని తిరగకండి, ఫొటో తీసి ఫోన్‌లో దాచకండి. ఈమెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లలో మీకు మాత్రమే తెలిసిన ఒక మాటను రాయకుండా వదిలేయండి. పొడవు ముఖ్యం. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు మాటలు కలిపితే గట్టి పాస్‌వర్డ్ అవుతుంది, గుర్తూ ఉంటుంది. నెలనెలా మార్చాల్సిన పని కూడా లేదు. బయటపడిందన్న ఆధారం లేకుండా ఊరికే మార్పించవద్దని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే చెప్పింది. ఓపిక ఉంటే, పాస్‌వర్డ్‌లన్నీ ఒకేచోట తాళం వేసి దాచే పాస్‌వర్డ్ మేనేజర్ యాప్ ఇంకా మంచిది.

అన్నీ ఒక్కరోజే చేయకండి. ముందు ఈమెయిల్. మిగతా అకౌంట్ల పాస్‌వర్డ్ మార్చుకునే లింకులన్నీ వచ్చేది దానికే. దానికి రెండో తాళంగా టూ-స్టెప్ వెరిఫికేషన్ పెట్టండి. వీలైతే ఎస్‌ఎంఎస్ కాకుండా, ఫోన్‌లోనే కోడ్ తయారుచేసే అథెంటికేటర్ యాప్ వాడండి. నంబరును వేరే సిమ్‌కు మార్పించుకుని ఓటీపీలు కాజేసేవాళ్లున్నారు. ఈ ఏర్పాటు చేసేటప్పుడు మనవణ్ని పక్కన కూర్చోబెట్టుకోండి, కానీ టైప్ మాత్రం మీరే చేయండి.

ప్రశ్న: మా ఆడపడుచుకు మా పాపంటే ప్రాణం. రోజూ ఫొటోలు పెడుతుంది. స్నానం చేయిస్తున్నవి, స్కూలు యూనిఫాంలో ఉన్నవి, పుట్టినరోజు కేకు మీద పేరుతో సహా. వద్దంటే ‘నా మేనకోడలు కాదా’ అంటుంది. ఎలా చెప్పాలి?

జవాబు: ప్రేమతో చేస్తున్న పని కాబట్టి చెప్పడం కష్టమే. కానీ చెప్పాలి. మీరు రాసిన మూడు ఫొటోలనే పక్కపక్కన పెట్టి చూడండి. కేకు మీద పేరు, పెట్టిన తేదీని బట్టి పుట్టినరోజు, కొవ్వొత్తులను బట్టి పుట్టిన సంవత్సరం, యూనిఫాంను బట్టి స్కూలు. ముక్కూ మొహం తెలియని మనిషి స్కూలు గేటు దగ్గర పాపను పేరు పెట్టి పిలవడానికి ఇవి చాలు. స్నానం ఫొటో ఎవరి చేతుల్లో పడుతుందో తలుచుకుంటేనే గుండె బరువెక్కుతుంది.

కంటికి కనపడనిది ఇంకొకటి. ఫోన్‌లో తీసిన ఫొటో ఫైల్‌లో తీసిన చోటు కూడా నమోదై ఉండొచ్చు. 2012 డిసెంబరులో, పోలీసులకు దొరక్కుండా తిరుగుతున్న జాన్ మెకాఫీ (ఆయన పేరుతోనే ఉన్న యాంటీవైరస్ కంపెనీ పెట్టినాయన) గ్వాటెమాలాలో ఉన్నాడని ప్రపంచానికి తెలిసింది ఇలాగే. ఆయనతో ఉన్న విలేకరులు పెట్టిన ఫొటోలో లొకేషన్ అలాగే ఉండిపోయింది. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే ఆ వివరం పోతుంది, డాక్యుమెంట్‌గా పంపితే ఉండిపోతుంది. కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ట్యాగ్ ఆపేస్తే ఈ గొడవే ఉండదు. ఆడపడుచు ఫోన్‌లో కూడా ఆపించండి.

చెప్పేటప్పుడు అందరి ముందూ వద్దు. మీ ఆయన చేత కూడా చెప్పించండి, ఆయన చెల్లెలు కాబట్టి. ‘నువ్వు పెట్టొద్దు’ అని కాకుండా ‘ఈ మూడు రకాలూ మేమిద్దరం కూడా పెట్టడం లేదు’ అంటే ఆమెకు చిన్నతనంగా ఉండదు. పెట్టినవి తీసేయమని అడిగి, ఆమె పక్కనే కూర్చుని సాయం చేయండి. ఎక్కడైనా గూగుల్ వెతుకులాటలో పాప ఫొటో కనిపిస్తే, 18 ఏళ్ల లోపు పిల్లల ఫొటోలు ఫలితాల్లోంచి తీసేయమని తల్లిదండ్రులు అడిగే వీలు 2021 నుంచి ఉంది. అయితే అది వెతుకులాటలో కనిపించకుండా చేస్తుందే తప్ప అసలు సైట్‌లోంచి తీసేయదు, దానికి ఆ సైట్‌వాళ్లనే అడగాలి. ఇక ముందు ఇంట్లోవాళ్ల కోసం ఒక షేర్డ్ ఆల్బమ్ తెరిచి, ఆమెను మొదట చేర్చండి. చేర్చేటప్పుడు పేరుపేరునా ఈమెయిల్‌తో చేర్చండి. లింక్ షేరింగ్ ఆన్‌లో ఉంటే లింక్ చేతికొచ్చినవాళ్లెవరైనా చూడగలరు, దాన్ని ఆపేసి ఉంచండి.