ఒరిజినల్స్ ఇచ్చేశాక బ్యాలెన్స్ రావట్లేదంటే

మీరు తీసిన ఫోటోల ఒరిజినల్స్ అన్నీ పెన్‌డ్రైవ్‌లో ఇచ్చేశాక క్లయింట్ మిగతా డబ్బుకి "రేపు, ఎల్లుండి" అంటున్నారన్నారు. టెన్షన్ పడకండి. ఆల్బమ్ ఇంకా ప్రింట్‌కి వెళ్లలేదు కాబట్టి పట్టు మీ చేతిలోనే ఉంది. ఫోన్లు చేయడం మానేసి మొత్తం ఎంత, ముట్టింది ఎంత, బాకీ ఎంత, ఏ తేదీలోగా కావాలో ఒకే మెసేజ్‌లో రాయండి. "బ్యాలెన్స్ అందిన రోజే ఆల్బమ్ డిజైన్‌ని ప్రింటింగ్ ల్యాబ్‌కి పంపుతాను" అని చేర్చండి. గొడవకు మాత్రం దిగొద్దు, రేపు మీకు పని చెప్పేది వాళ్ల చుట్టాలే.

ఇకమీదట ఆల్బమ్ ఫోటోల ఎంపిక కోసం వాటర్‌మార్క్ (ఫోటో మీద మీ పేరు ముద్ర) వేసిన చిన్న ఫైల్సే పంపండి. పొడవు వైపు 1200 పిక్సెల్స్ చాలు. ఫోన్‌లో చక్కగా కనిపిస్తాయి, 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) ప్రింట్ తీస్తే 4 అంగుళాలు దాటవు. ఒరిజినల్స్ పూర్తి డబ్బు ముట్టాకే. రా ఫైల్స్ (కెమెరా నుంచి వచ్చిన, ఎడిట్ చేయని ఫైల్స్) సంగతి కూడా అగ్రిమెంట్‌లో ముందే రాసుకోండి, ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు.