మ్యూజిక్ థెరపిస్టుకు లైసెన్సు: ఎవరిని అడగాలి, ఏమని అడగాలి?

ప్రశ్న: మా బాబుకు ఏడేండ్లు. ఆటిజం ఉందన్నారు. వారానికి రెండుసార్లు మ్యూజిక్ థెరపీకి తీసుకుపోతున్నం. గదిలో కూసోబెట్టి స్పీకర్‌లో పాటలు పెడుతున్నరు. లైసెన్సు ఉందా అని అడిగితే గోడకున్న సర్టిఫికెట్ చూపించిండ్రు. అది సరిపోతదా?
– ఒక తల్లి, హన్మకొండ

జవాబు: అమ్మా, మన దేశంలో మ్యూజిక్ థెరపిస్టు అన్న పేరుతో ప్రభుత్వం ఇచ్చే లైసెన్సు ఇప్పటికి లేదు. గోడ మీదున్నది కోర్సు చెప్పిన సంస్థ ఇచ్చిన కాగితం, అంతే. స్పీచ్ థెరపిస్టుకు, స్పెషల్ టీచరుకు, క్లినికల్ సైకాలజిస్టుకు 1992 నాటి రీహాబిలిటేషన్ కౌన్సిల్ చట్టం కింద రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, అడిగితే చెప్పాలి. ఆ చట్టం జాబితాలో మ్యూజిక్ థెరపిస్టు లేరు. అందుకే కాగితం పక్కన పెట్టి పని చూడండి.

తెలిసినవాళ్లు మొదటి రెండు మూడు సార్లు బాబును గమనించడానికే కేటాయిస్తారు. ఏ శబ్దానికి చెవులు మూసుకుంటున్నాడు, ఏ వాయిద్యం వైపు చెయ్యి చాపుతున్నాడు అని రాసుకుంటారు. తర్వాత లక్ష్యం కాగితం మీద పెడతారు. ‘బాగా మాట్లాడాలి’ అన్నది లక్ష్యం కాదు. ‘పాట ఆపినప్పుడు పదిసార్లలో ఆరుసార్లు మన మొహం చూడాలి’ అన్నది లక్ష్యం. బాబుకు బాగా తెలిసిన పాట ఎదురుగా కూర్చుని పాడుతూ, చివరి మాట దగ్గర ఆగి, నాలుగైదు సెకన్లు ఓపికపడతారు. ఆ ఖాళీలో బాబు చూపో, చిన్న శబ్దమో, మాటో వస్తే వెంటనే పాట పూర్తి చేస్తారు. ఎన్నిసార్లు వచ్చిందో లెక్క రాస్తారు. స్పీకర్ పెట్టి బయటికి పోతే ఇదేదీ జరగదు. ఫలానా రాగం ఫలానా రోగానికి అని పట్టిక చూపించేవాళ్లనూ నమ్మకండి.

ఫీజు రసీదులు దాచండి. మోసపోయామనిపిస్తే రెండేండ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు, 5 లక్షల రూపాయల లోపు చెల్లింపు వ్యవహారమైతే ఫిర్యాదుకు ఫీజు కూడా లేదు. మీ డబ్బు వెనక్కి రావచ్చు. కానీ అదే మనిషి మర్నాడు ఇంకో పిల్లవాడిని కూర్చోబెట్టకుండా అతని పేరు కొట్టెయ్యడం ఆ కమిషన్ వల్ల కాదు, ఎందుకంటే కొట్టెయ్యడానికి రిజిస్టరే లేదు. లైసెన్సు అడిగేది అందుకే.

ప్రశ్న: సంగీతంలో డిప్లొమా, ఆపైన మ్యూజిక్ థెరపీలో ఏడాది కోర్సు చేసినవాళ్లం వరంగల్, కరీంనగర్ కలిపి పదిమంది దాకా ఉన్నాం. రాష్ట్రంలో లైసెన్సు చట్టం కోసం ఎమ్మెల్యేను కలవాలనుకుంటున్నాం. ఎట్లా మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, కాజీపేట

జవాబు: ఎమ్మెల్యే కంటే ముందు ఎంపీని కలవండి. కారణం చెబుతాం.

అమెరికాలో లైసెన్సు రాష్ట్రాల చేతిలో ఉంది. అక్కడ 1983లో ఏర్పడిన సర్టిఫికేషన్ బోర్డు దేశమంతటికీ ఒకే పరీక్ష పెడుతున్నా, పరీక్ష రాయాలంటే 1,200 గంటల క్లినికల్ శిక్షణ ఉండాలన్నా, థెరపిస్టులు ఒక్కో రాష్ట్రం తిరగక తప్పలేదు. నెవాడా, నార్త్ డకోటాలలో 2011లో, జార్జియాలో 2012లో లైసెన్సు చట్టాలు వచ్చాయి. చాలా రాష్ట్రాల్లో ఇంకా రాలేదు. మన దగ్గర వృత్తుల విషయం రాజ్యాంగం ఉమ్మడి జాబితాలో 26వ అంశం, అంటే కేంద్రమూ రాష్ట్రమూ రెండూ చట్టం చెయ్యవచ్చు. కేంద్ర చట్టానికి ఎదురుపోయే రాష్ట్ర చట్టం రాష్ట్రపతి ఆమోదం లేకుండా నిలవదు. ఆ కేంద్ర చట్టం 2021లోనే వచ్చింది: అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం. రిజిస్టర్ నడిపేది రాష్ట్ర కౌన్సిలే, కానీ ఏ వృత్తులు అన్నది చట్టం షెడ్యూల్, అంటే చట్టానికి జతచేసిన జాబితా, చెబుతుంది. అందులో ఆర్ట్, డ్యాన్స్, మూవ్‌మెంట్ థెరపిస్టులు ఉన్నారు. మ్యూజిక్ థెరపిస్టు అన్న మాట విడిగా లేదు. షెడ్యూల్ మార్చే అధికారం కేంద్రానిది. ఆ ఒక్క మాట చేర్పించడమే మీ ఉద్యమం. లోక్‌సభలో ప్రశ్న వేయించాలంటే కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి కాబట్టి సమావేశాల తేదీలు చూసుకుని ఎంపీ దగ్గరికి పోండి.

ముందు మీరు సంఘంగా రిజిస్టర్ కావాలి, ఏడుగురుంటే చాలు. ఆ వెంటనే సమాచార హక్కు కింద రాష్ట్ర ఆరోగ్య శాఖకు 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టి, రాష్ట్ర కౌన్సిల్ ఏర్పాటు ఎంతదాకా వచ్చిందో, మ్యూజిక్ థెరపీ మీద ఏమైనా విజ్ఞప్తులు అందాయో అడగండి. 30 రోజుల్లో జవాబు రావాలి. అది చేతికొచ్చాకే విజ్ఞప్తి రాయండి. సోమవారం ప్రజావాణిలో ఇస్తే రసీదు వస్తుంది కానీ కలెక్టరేట్ చేతిలో ఉన్న పని కాదిది. జాతీయ కమిషన్‌కు, ఆరోగ్య శాఖ కార్యదర్శికి నేరుగా స్పీడ్ పోస్టులో పంపండి.

విజ్ఞప్తులు ఎక్కువగా దెబ్బతినేది శిక్షణ గంటల దగ్గర. 2021 చట్టం ప్రకారం అనుబంధ వృత్తికి 2,000 గంటల చదువు కావాలి, ఆరోగ్య సంరక్షణ వృత్తికి 3,600. వారానికి ఆరు గంటల చొప్పున ఏడాదికి యాభై వారాలు చదివితే అయ్యేది 300 గంటలు. మీ కోర్సు లెక్క మీరే నిజాయితీగా వేసుకోండి. ఎదుటివాళ్లు వేసేదాకా ఆగొద్దు. కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం వరంగల్‌లోనే ఉంది కదా, పూర్తికాలపు కోర్సు పెట్టమని అక్కడికీ ఒక ప్రతి ఇవ్వండి. గుర్తింపు ఉన్న కోర్సు లేకుండా షెడ్యూల్‌లో పేరెక్కినా రిజిస్టర్ ఖాళీగానే ఉంటుంది. ఇప్పటికే పనిచేస్తున్నవాళ్లకు అదనపు శిక్షణ పూర్తిచేసే గడువు కావాలని కూడా రాయండి.

ఇంకో చిక్కు పరిధి. ‘మాట పోయినవాళ్లకు చికిత్స’ అని మొత్తంగా రాసుకుంటే స్పీచ్ థెరపిస్టులు తప్పకుండా అభ్యంతరం చెబుతారు, అది న్యాయం కూడా. వాళ్లతో కూర్చుని, రోగ నిర్ధారణ మీ పని కాదని, మాట విషయంలో వాళ్ల సూచన మీదే పనిచేస్తామని రాయండి. సంగీత విద్వాంసుల లేఖలు పది పెట్టేకన్నా ఒక స్పీచ్ థెరపిస్టు, ఒక న్యూరాలజిస్టు సంతకాలు బరువైనవి.

లైసెన్సు ఎందుకు అన్నదానికి ఒక్క ఉదాహరణ వివరంగా ఇవ్వండి. పక్షవాతం తర్వాత నడక సాధన తీసుకోండి. ముందు ఏ తాళమూ లేకుండా మనిషిని నడిపించి నిమిషానికి ఎన్ని అడుగులో లెక్కపెడతారు. 60 వస్తే మెట్రోనోమ్ (టక్ టక్ మని తాళం వేసే పరికరం) కూడా 60 మీదే పెడతారు. అడుగు తాళంలో పడ్డాక 5 నుంచి 10 శాతం, అంటే 63 నుంచి 66 దాకా, పెంచుతారు. ఈ లెక్క తెలియనివాళ్లు హుషారుగా ఉంటుందని 100 మీద డప్పు కొడితే, పట్టు లేని కాలు తాళం అందుకోబోయి తడబడుతుంది, మనిషి పడిపోతాడు. తుంటి విరుగుతుంది. మంచి కళాకారుడికీ ఈ లెక్క పుట్టుకతో రాదు, నేర్పితేనే వస్తుంది. అధికారికి ఈ ఒక్క పేరా చదివించగలిగితే సగం పని అయినట్టే.

ప్రశ్న: మా భజన బృందం నెలకోసారి వృద్ధాశ్రమంలో పాడుతుంది. మ్యూజిక్ థెరపీకి లైసెన్సు చట్టం వస్తే మాకు అడ్డమా?
– రిటైర్డ్ టీచర్, నర్సంపేట

జవాబు: కాదు సార్. లైసెన్సు కాపాడేది ‘థెరపిస్టు’ అన్న పేరును, ఆ పేరుతో జరిగే చికిత్సను. పాటను కాదు. బతుకమ్మ పాట ఎత్తుకోగానే, కొడుకు పేరు మరిచిన అవ్వ కూడా చప్పట్లు కలపవచ్చు. ఆ సంతోషానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మైకు సౌండు తగ్గించండి, వినికిడి యంత్రం ఉన్నవాళ్లకు అది గోలగా వినిపిస్తుంది. ‘చికిత్స అని చెప్పుకోకుండా పాడేవారికి, సంగీతం నేర్పేవారికి ఇది వర్తించదు’ అన్న వాక్యం ముసాయిదాలో ఉండాలి. అది ఉండేలా చూడమని పై కాజీపేట మిత్రులకు మీరూ ఒక ఉత్తరం రాయండి. మా చిరునామాకు పంపితే వాళ్లకు చేరుస్తాం.