టోక్యోలో గైడు వెంట కొట్లు తిరుగుతూ రామెన్ (జపాన్ నూడిల్స్ సూప్) తినే టూర్‌కి డబ్బు పెట్టొచ్చా? ఒకే పూట మూడు నాలుగు కొట్లలో తినగలమా?

పెట్టొచ్చండి. కాకపోతే బుక్ చేసేముందు ఒకటి అడగండి: ఇచ్చేది చిన్న గిన్నెలా, మామూలువా? మామూలు గిన్నెలో పచ్చి నూడిల్సే 130–150 గ్రాములు వేస్తారు, పైన పంది మాంసం, గుడ్డు. రెండో కొట్టుకే పొట్ట నిండిపోతుంది. ఇద్దరం ఒకటి పంచుకుంటామంటే చాలా కొట్లలో ఒప్పుకోరు, మనిషికో గిన్నె తీసుకోవాల్సిందే. గైడు ముందే మాట్లాడి చిన్న గిన్నెలు పెట్టించాడా, టూర్‌కి ఇచ్చిన డబ్బు గిట్టినట్టే. లేకపోతే దండగ.

రెండోది, తినే వరస. ఉప్పుతో చేసే షియోతో మొదలుపెట్టి, సోయా సాస్‌తో చేసే షోయు, ఆ తర్వాత పులియబెట్టిన సోయా ముద్దతో చేసే మిసో, ఆఖర్న టొంకొత్సు. పంది ఎముకల్ని గంటల తరబడి మరిగించిన టొంకొత్సు ముందే తాగితే ఆ కొవ్వు నాలుకకి పట్టేస్తుంది, ఇక షియోలోని ఎండుచేప, సముద్రపు నాచు రుచులు అందవు. వరస పట్టించుకోని టూర్ ఎంత చవకైనా నేను వెళ్లమనను.

గిన్నె రాగానే తినేయండి, ఫోటో ఒక్కటి చాలు. టొంకొత్సులో వేసే సన్నటి హకాతా నూడిల్స్ వేడి రసంలో నిమిషాల్లో మెత్తబడతాయి. అందుకే ఆ కొట్లలో 'కతా' అని, కాస్త గట్టిగా ఉడికించమని చెబుతారు. రసం మాత్రం నాలుగైదు చెంచాలు తాగి ఆపేయండి. గిన్నె ఖాళీ చేస్తే 5 గ్రాములకి పైనే ఉప్పు లోపలికి పోతుంది. మూడు గిన్నెలు అలా తాగితే రాత్రంతా దాహమే.

శాకాహారులు, పంది మాంసం తిననివాళ్లు మరీ జాగ్రత్త. 'యసాయ్ రామెన్' అంటే పైన కూరగాయలు వేసింది, అంతే. అడుగున రసం పంది ఎముకలదో చేపదో కావచ్చు. కోడి రసంతో చేసినదాని మీద కూడా పంది ముక్కలు పెట్టడం మామూలే. మాంసం తీసేయమంటే సరిపోదు, రసం దేనితో కాచారో గైడుతో అడిగించండి. టోక్యో స్టేషన్‌లో టీస్ తాన్‌తాన్ అనే కొట్టు పూర్తిగా వీగన్, కానీ అది రైలు టికెట్ గేట్ల లోపల ఉంటుంది.

గైడు లేకుండా వెళ్తే 1000 యెన్ల నోట్లు దగ్గరుంచుకోండి. కొట్టు గుమ్మం దగ్గర తిండికి టికెట్లిచ్చే మెషిన్లు చాలావరకు పెద్ద నోట్లు తీసుకోవు. 2024 జూలైలో వచ్చిన కొత్త నోట్లను కూడా కొన్ని పాత మెషిన్లు వెనక్కి తోసేస్తాయి. ఏం నొక్కాలో తెలియకపోతే పై వరసలో ఎడమ చివరి బటన్ నొక్కండి, సాధారణంగా ఆ కొట్టు ప్రత్యేకత అక్కడే పెడతారు.

టూర్ ఖర్చు ఎక్కువనిపిస్తే టోక్యో దగ్గరి యోకోహామా ఊళ్లో షిన్-యోకోహామా రామెన్ మ్యూజియం ఉంది. 1994 నుంచి నడుస్తోంది, షిన్-యోకోహామా స్టేషన్ నుంచి నడిచే దూరమే. వేర్వేరు ఊళ్ల కొట్లు ఒకే కప్పు కింద ఉంటాయి, మినీ గిన్నెలు అమ్ముతారు. సెలవు రోజుల్లో మాత్రం మధ్యాహ్న భోజనం వేళ దాటాక వెళ్లండి, క్యూలు తగ్గుతాయి.