‘పైవిచారణ’ అంటే విచారణ జరపడమా?

సందేహం: మాది గజపతి జిల్లా కాశీనగరం దగ్గర ఒక పల్లె. ఇంట్లో తెలుగు, బయట ఒడియా. మా చర్చి సంఘంలో ఈమధ్య కొత్త పెద్దలను ఎన్నుకున్నాం. మూడు ఆదివారాలు ఆరాధనకు రాని ఒక కుటుంబాన్ని నాలుగో ఆదివారం అందరి ముందూ నిలబెట్టి, ఎందుకు రాలేదు, కానుక ఎందుకు ఇవ్వలేదు అని గుచ్చి గుచ్చి అడిగారు. ఇదేం పద్ధతి అని మా నాన్నగారు అంటే, “పెద్దలు పైవిచారణ చేయాలని బైబిలులో పేతురు రాసిన పత్రికలోనే (ఉత్తరంలోనే) ఉంది, విచారణ మా బాధ్యత” అన్నారు. ఒడియా బడిలో చదివిన మా తమ్ముడు కూడా “బిచారొ అంటే తీర్పే కదా” అంటున్నాడు. పైవిచారణకు అసలు అర్థం ఏమిటి? అదే వాక్యంలోని ‘కాయుడి’ని పిల్లలకు ఎలా చెప్పాలి? ‘సంఘాన్ని నడపడం’ అని రాయవచ్చా? సంఘ నియమాలను తెలుగులోనూ ఒడియాలోనూ రాసుకుంటున్నాం, అందుకే అడుగుతున్నాను.

సమాధానం: అమ్మా, మీ నాన్నగారి అభ్యంతరం సబబైనదే. పెద్దలు చూపించిన మాట వాక్యంలో ఉంది, వారు చెప్పిన అర్థం మాత్రం అందులో లేదు. పేతురు మొదటి పత్రిక అయిదో అధ్యాయంలో “మీ మధ్యనున్న దేవుని మందను పైవిచారణచేయుచు దానిని కాయుడి” అని ఉంది. ఇవాళ విచారణ అనగానే మనకు పోలీసు స్టేషను, కోర్టు బోను కళ్ల ముందు మెదులుతాయి. న్యాయ విచారణ, విచారణ ఖైదీ, విచారణకు హాజరు అంటూ వార్తాపత్రికల్లో రోజూ చదివేది ఆ అర్థంలోనే. మీ ప్రాంతంలో దానికి ఒడియా తోడయింది. ఒడియాలో బిచారొ అంటే తీర్పు, బిచారపతి అంటే న్యాయమూర్తి. మహారాష్ట్ర సరిహద్దులో సిరోంచ వైపు ఉన్న తెలుగువారిని అడిగితే, మరాఠీలో ‘విచారణే’ అంటే ఊరికే అడగడమని చెబుతారు. సంస్కృతం నుంచి వచ్చిన ఒకే మాట ఒక్కో భాషలో ఒక్కో దారి పట్టింది. మీ తమ్ముడు ఒడియా మాటకు చెప్పిన అర్థం తప్పు కాదు. ఆ అర్థాన్ని తెచ్చి తెలుగు వాక్యంలో పెట్టడంతోనే చిక్కు వచ్చింది.

తెలుగులో విచారణకు బాగోగులు చూడడం, నిర్వహించడం అనే అర్థం గట్టిగా ఉండేది. తిరుమల ఆలయ నిర్వహణ 1843 నుంచి 1933 దాకా హాథీరాంజీ మఠం మహంతుల చేతిలో ఉన్నప్పుడు వారి హోదా పేరు ‘విచారణకర్త’. దీపం, నైవేద్యం, ఆస్తిపాస్తులు సక్రమంగా సాగేలా చూసేవాడని దాని అర్థం. నేరాలు విచారించే అధికారి అని ఎవరూ అనుకోలేదు. తెలుగు కతోలికులను అడిగి చూడండి. ఒక గురువు ఆధ్యాత్మిక సంరక్షణలో ఉన్న ప్రాంతాన్ని వారు ఇప్పటికీ ‘విచారణ’ అనే అంటారు, అక్కడి గురువు ‘విచారణ గురువు’. అంటే గుడిలోనూ చర్చిలోనూ ఈ మాట సంరక్షణకే వాడారు. బైబిలును తెలుగు చేసినవారు కొత్త అర్థాన్ని పుట్టించలేదు, వాడుకలో ఉన్నదాన్నే తీసుకున్నారు.

మూలంలోని గ్రీకు మాట సంగతి కూడా చెప్పాలి. పైవిచారణ చేయడానికి అక్కడ ఉన్న క్రియ, ‘ఎపిస్కొపోస్’ అనే నామవాచకం ఒకే కుదురు నుంచి వచ్చాయి. ‘ఎపి’ అంటే పైన, ‘స్కొపోస్’ అంటే కనిపెట్టి చూసేవాడు. బిషప్ అనే మాట పుట్టింది ఇందులోంచే. అపొస్తలుల కార్యములు ఇరవయ్యో అధ్యాయంలో పౌలు ఎఫెసు సంఘపు పెద్దలను పిలిపించి వారినే ఎపిస్కొపోస్‌లు అంటాడు. తెలుగు బైబిలు అక్కడ ‘అధ్యక్షులు’ అంది. ఆ అనువాదం చదివినప్పుడల్లా నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. ‘అధి’ అంటే పైన, ‘అక్షి’ అంటే కన్ను. రెండు భాషల్లోనూ కట్టుబడి ఒక్కటే. ఇవాళ అధ్యక్షుడంటే వేదిక మీద నడిమి కుర్చీలో కూర్చునే మనిషి. ఆ మాట లోపల మాత్రం ఒక కన్నే ఉంది.

అయితే చూపులోనూ తేడా ఉంటుంది. పిల్లల్ని చూడడం వేరు, పిల్లల్ని చూసుకోవడం వేరు. ‘కొను’ చేరగానే చూపు వెనక బాధ్యత వచ్చి నిలబడుతుంది. “ముసలాయన్ని ఎవరు చూసుకుంటున్నారు?” అని అడిగితే, ఎవరు వండిపెడుతున్నారు, మందులు ఎవరు తెస్తున్నారు అని అడిగినట్టే. పైవిచారణకు నేటి వాడుకలో సమానమైన మాట ఏదని నన్ను అడిగితే ‘చూసుకోవడం’ అనే చెబుతాను.

ఈ అర్థం నిఘంటువుల్లోనే మిగిలిందనుకోకండి. మీ వైపునే విన్నాను. కొన్నేళ్ల క్రితం ఒక పెళ్లికని గుణుపురం వచ్చి, ఆ దగ్గరి పల్లెలో మిత్రుడి ఇంట్లో ఉన్నాను. శనివారం పొద్దుపోయాక పక్కింటికి ఒక వృద్ధుడు వచ్చాడు. చేతిలో టార్చిలైటు, భుజాన తువ్వాలు. ఆయన అక్కడి సంఘపు పెద్ద. ఆ ఇంట్లో ఉండేది ఒక ముసలమ్మ, ఆమె మనవడు. కొడుకు సూరత్‌లో మగ్గాల పనికి వెళ్లాడు. ఆయన అరుగు మీద కూర్చుని, జ్వరం తగ్గిందా, బియ్యం ఉన్నాయా, కొడుకు ఫోను చేశాడా అని అడిగాడు. ముసలమ్మతో తెలుగు, మనవడితో ఒడియా. వాడి పుస్తకం తీసి, టార్చి వెలుగులో ఒక పేజీ చదివించుకున్నాడు. వారు రెండు వారాలుగా ఆరాధనకు రాలేదట. అది నాకు మరునాడు తెలిసింది, ఆయన నోట ఆ ఊసే రాలేదు. చిన్న ప్రార్థన చేసి, గుమ్మం దగ్గర వంగి చెప్పులు వెతుక్కుని వెళ్లిపోయాడు. ఆయన వెనకే తలుపు వేస్తూ ముసలమ్మ మనవడితో అన్న మాట నా చెవిలో ఇంకా ఉంది: “పెద్దయ్య వచ్చి విచారించి వెళ్లాడు.”

మీ పెద్దలు పత్రికలో చూపించిన మాటే అది. ఆ ముసలమ్మ నోట దాని అర్థం చెక్కుచెదరలేదు. యోగక్షేమాలు విచారించాడు, మంచిచెడ్డలు విచారించాడు అని మనందరం ఇప్పటికీ అంటూనే ఉన్నాం. మీ ఊరి కుటుంబం మూడు వారాలు రానప్పుడు పెద్దలు చేయవలసిన విచారణ ఇదే. అది మొదటివారమే, వారి అరుగు మీదే జరగవలసింది.

ఇక ‘కాయుడి’. ఇది గ్రాంథిక రూపం. నేటి వాడుకలో ‘కాయండి’. తెలుగులో ఈ క్రియకు చాలా పనులున్నాయి. ఎండ కాస్తుంది, వెన్నెల కాస్తుంది, చెట్టు కాస్తుంది, చలిమంట కాచుకుంటాం, పాలు కాస్తాం. ఇక్కడిది చేను కాయడం, మంద కాయడం అన్నప్పటి మాట. కాపు, కాపలా, కావలి, కాపరి అన్నీ దీని చుట్టాలే. ‘పాస్టర్’ అనే లాటిన్ మాటకు కూడా కాపరి అనే అర్థం. పిల్లలకు చెప్పాలంటే వంశధార ఒడ్డున మేకలు తోలుకెళ్లే మనిషిని చూపించండి. మంద తనది కాకపోయినా సాయంత్రానికి లెక్క తప్పకూడదు, కుంటిది వెనకబడితే తాను ఆగాలి. కాయడమంటే ఏమిటో వారికి ఇట్టే తెలుస్తుంది.

మంద తనది కాదన్న సంగతి ఆ వాక్యంలోనే ఉంది. తరువాతి వచనంలో “మీకు అప్పగింపబడినవారిపైన ప్రభువులైనట్టుండక మందకు మాదిరులుగా ఉండుడి” అన్నాడు పేతురు. ‘అప్పగింపబడినవారు’ అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. అప్పగింతలంటే ఏమిటో ఆడపిల్లను అత్తవారింటికి పంపిన ప్రతి తెలుగు ఇంటికీ తెలుసు. పిల్ల చేతిని పాలలో తడిపి ఎదుటివారి చేతిలో పెట్టేటప్పుడు, ఏలుకోండి అని ఎవరూ గర్వంగా చెప్పరు, గొంతు పూడుకుపోతుంది. నమ్మి చేతిలో పెట్టినవారిని నలుగురిలో నిలబెట్టి తలవంపులు చేస్తే, అప్పగించినవాడికి ఏమని చెప్పుకోవాలి? ‘ప్రభువులుగా ఉండక’ అని సరిపెట్టలేదు, ‘ప్రభువులైనట్టుండక’ అన్నారు. ప్రభువు ఒక్కడే కాబట్టి పెద్దలు ప్రభువులు కావడం ఎలాగూ జరగదు. అయినట్టు నడుచుకోవడం కూడా వద్దన్నారు.

‘పెద్ద’ అనే మాటకు రెండు ప్రత్యయాలు చేర్చి తెలుగు రెండు దారులు చూపించింది. ఒకటి పెద్దరికం, రెండోది పెత్తనం. పెద్దతనమే నోట నలిగి పెత్తనం అయింది. ఒకప్పుడు అది నిందార్థకం కాదు, ఊరి వ్యవహారం చూడడమే. చేతికి వచ్చిన అధికారాన్ని మనుషులు వాడిన తీరు వల్ల ఆ మాటకు ఇవాళ్టి చేదు పట్టింది. పెత్తనం చెలాయిస్తారు. పెద్దరికాన్ని చెలాయించాడని మాత్రం ఎవరూ అనరు, నిలబెట్టుకున్నాడు అంటారు, పోగొట్టుకున్నాడు అంటారు. తెలుగు పల్లెల్లో చర్చి పెద్దలకు ఈ రెండింటి మధ్య తేడా ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. వారి అమ్మమ్మలు రోజూ ఈ మాటలు వాడినవారే.

‘సంఘాన్ని నడపడం’ వ్యాకరణ రీత్యా తప్పు కాదు. కొట్టు నడుపుతాం, బస్సు నడుపుతాం, సంస్థ నడుపుతాం. మనుషుల విషయంలో మాత్రం తెలుగు ‘నడిపించడం’ అంటుంది, చేయి పట్టి నడిపించడం. ఇరవై మూడో కీర్తనలో “నన్ను నడిపించుచున్నాడు” అన్నారు, ‘నడుపుచున్నాడు’ అనలేదు. మీ నియమాల్లో ‘సంఘాన్ని నడిపించడం’ అని రాయండి. ‘పాలన’ అనే మాట తిమోతి పత్రికలో పెద్దల గురించి ఉన్నదే. దాని ధాతువుకు రక్షించడమని అర్థం. గోపాలుడిలో ఉన్నది అదే. కాబట్టి అది వాడినా బెంగ లేదు.

అయితే పెద్దలు ఎవరినీ ఏమీ అడగకూడదా అని ఎవరైనా అనవచ్చు. తప్పు జరిగితే అడగవలసిందే. ఎలా అడగాలో మత్తయి పద్దెనిమిదో అధ్యాయంలో ఉంది. ముందు “ఒంటరిగా నున్నప్పుడు” చెప్పాలి, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్లాలి, సంఘం ముందుకు వెళ్లడం ఆ తరువాతే. వింటే “నీ సహోదరుని సంపాదించుకొంటివి” అన్నాడు యేసు. అక్కడ కూడా ‘కొను’ ఉంది, గమనించండి. మీ పెద్దలు ఆ చివరి మెట్టు దగ్గరే మొదలుపెట్టారు. పైగా ఆరాధనకు రాలేకపోవడం తప్పో ఇబ్బందో ఇంకా ఎవరికీ తెలియదు.

మీ జిల్లాలో ఉండి ఈ మాట అడిగారు కనుక గిడుగు రామమూర్తి గారిని తలచుకోకుండా ఉండలేను. పర్లాకిమిడి బడిలో పాఠాలు చెబుతూ ఆయన సవర గిరిజనుల దగ్గర కూర్చుని వారి భాష నేర్చుకున్నారు. జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లో ఉండాలని జీవితమంతా పోరాడారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఆ ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. గ్రంథాల భాషకూ జనం నోటి భాషకూ దూరం పెరిగితే ఎంత నష్టమో ఆయన అప్పుడే చెప్పారు. మీ సంఘంలో జరిగింది అలాంటి నష్టమే. వాక్యాన్ని మార్చమని నేననను. చదివిన వెంటనే నేటి తెలుగులో రెండు ముక్కలు వివరించే అలవాటు పెట్టుకోండి.

ఇక నియమాలు. తెలుగు ప్రతిలో “పెద్దలు సంఘంలోని ప్రతి కుటుంబాన్నీ కనిపెట్టి చూసుకుంటూ, మంచిచెడ్డలు విచారిస్తూ నడిపించాలి” అని రాస్తే సరిపోతుంది. ఒడియా ప్రతిలో ఈ చోట బిచారొ అనే మాట రానీయకండి. సంరక్షణకు మీరంతా ఇంట్లో పసిపిల్లల విషయంలో వాడే ‘జత్న నెబా’ ఉంది కదా, అది పెట్టండి. మీ తమ్ముడి చేతనే రాయించండి.