చింతపండు తిన్న నాలుకకు భయమేంటి?

చిత్తూరు

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

హోటల్లో నిన్ను వైన్ల డ్యూటీకి వేశారని, తెల్ల వైన్ల పుస్తకం తలకెక్కడం లేదని నువ్వు ఫోన్లో వాపోయినప్పుడు మీ అమ్మ నా పక్కనే ఉంది. అందుకే ఊఁ కొట్టి ఊరుకున్నా. మన ఇంట్లో పుట్టి ఆ సీసాలు మొయ్యడమేందని ఆమె బాధ. నేను 30 ఏళ్లు బెంగళూరులో మోసినోణ్ణే కదా. ఆమెకు నేను సర్దిచెప్తాలే, నువ్వు పని నేర్చుకో.

ముందు ఆ పుస్తకం మూసెయ్ అబ్బోడా. నేనూ నీలాగే బట్టీ పట్టినోణ్ణే. సావిన్యాన్ బ్లాంక్ అనే తెల్ల వైన్‌లో గూస్‌బెర్రీ వాసన ఉంటుందని రాసుంటే, మన ఉసిరికాయే కాబోలనుకున్నా. ఒక ఇంగ్లీషాయనకు ఉసిరికాయ కోసి పళ్లెంలో పెట్టి మరీ వడ్డించా. కొరికి, మొహం అష్టవంకర్లు తిప్పి, ఇదేం కాయ నాయనా అన్నాడు. వాళ్ల గూస్‌బెర్రీ వేరు, ముళ్లపొదకు కాసే చారల కాయ. నా ముక్కు ఎరగని వాసన పేరు నా నోట రాకూడదని ఆ రోజు ఒట్టేసుకున్నా.

నీ ముక్కు ఎరిగినవి తక్కువేం కాదు. ఈసారి సెలవుకొచ్చినప్పుడు మార్కెట్టుకు పోదాం. దోరజామను గోటితో గిచ్చి వాసన చూడు, పక్కనే క్యాప్సికం తొడిమ తుంచి చూడు. రెండూ కలిస్తే సావిన్యాన్ బ్లాంక్ దగ్గరికొచ్చినట్టే. దబ్బకాయ తొక్క గిల్లితే చేతికి అంటుకునే వాసన రీస్లింగ్ అనే వైన్‌లో దొరుకుతుంది. అదే రీస్లింగ్ పాతబడితే పెట్రోలు వాసన కొడుతుంది, చెడిపోయిందని పారబోసేవు! గెవుర్జ్‌ట్రామినర్ అని పేరు పలకడానికే నోరు తిరగని వైను ఒకటుంది, దాని ముందు కళ్లు మూసుకుంటే పన్నీరు గులాబీల బుట్ట దగ్గర కూర్చున్నట్టుంటుంది. తడిసిన అట్టపెట్టె కంపు కొడితే మాత్రం బిరడా దోషం. గెస్టుతో వాదించకుండా సీసా మార్చెయ్.

ఇక పులుపు. అసలు విద్య ఇక్కడుంది, నువ్వు పుట్టినప్పట్నుంచీ చదువుకున్న విద్యే ఇది. ద్రాక్షలో ముఖ్యమైన ఆమ్లం టార్టారిక్. మన చింతపండు పులుపూ అదే. అప్పుడప్పుడు సీసా అడుగునో బిరడాకో పంచదార పలుకుల్లాంటివి అంటుకోనుంటాయి. గాజుపెంకులని గెస్టులు బెదిరిపోతారు. అవి ఆ ఆమ్లం తాలూకు ఉప్పే, చలికి పేరుకుంటుంది. ప్రమాదమేం లేదని చెప్పి, కదపకుండా వంచిపొయ్యి.

ఇంట్లో ఒక పని చెయ్. మూడు లోటాల్లో చింతపండు నీళ్లు పల్చగా, మధ్యస్తంగా, చిక్కగా కలుపుకో. ఒక్కోటీ నోట్లో పుక్కిలించి ఉమ్మి, నాలుక పక్కల ఎంతసేపు నీళ్లూరుతున్నాయో చూడు. వైను పులుపును కొలిచేదీ అట్లానే. తియ్యదనం మొదటి గుక్కలో మోసం చేస్తుంది, ఊరే నీళ్లు మోసం చెయ్యవు. షార్డొనే అనే తెల్ల వైన్‌లో ఈ నీళ్లు తక్కువగా ఊరితే ఆశ్చర్యపోవద్దు. వైను చేసేవాళ్లు చాలామంది దాన్ని రెండోసారి పులియనిస్తారు. అప్పుడు యాపిల్ పులుపు పెరుగు పులుపుగా మారుతుంది, వెన్న వాసన అందుకే వస్తుంది.

తిండికి జత కలిపేటప్పుడు ఇదంతా పనికొస్తుంది. పచ్చిపులుసు పక్కన పులుపు లేని వైను పెడితే అది ఉత్త నీళ్లయిపోతుంది. కూర ఎంత పులుపో వైనూ అంత పులుపుండాలి.

కారం సంగతి నేను దెబ్బ తిని నేర్చుకున్నా. ఒకసారి చేపల పులుసుకు, ఖరీదైనది కదా అని, ఓక్ చెక్క పీపాల్లో నానిన, 14 శాతం ఆల్కహాలున్న షార్డొనే పోశా. గెస్టు రెండో గుక్కకే గ్లాసు పక్కకు తోసేశాడు. ఆల్కహాలు ఎక్కువైతే మిరపకాయ మంటకు నెయ్యి పోసినట్టే. మన వంటలకు ఆల్కహాలు తక్కువ, పులుపు గట్టిగా, కొంచెం తీపి తగిలేది కావాలి. అందుకే నాటుకోడి పులుసుకు నా ఓటు షెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైనుకు, అదీ కొద్దిగా తీపున్నదానికి. రీస్లింగ్ దొరికితే ఇంకా మంచిది. షార్డొనేను చెనక్కాయల చట్నీతో తిను, అక్కడ అది రాణిస్తుంది. రుచి చూసే మధ్యమధ్యలో నోరు శుభ్రం చేసుకోవడానికి వాళ్లు బ్రెడ్డు ఇస్తారు, నేనైతే రాగి సంగటి ముద్ద తుంచుకుంటా. ఓళిగల దగ్గర ఏ వైనూ వద్దు, తిండికంటే వైను తియ్యగా ఉండాలి కాబట్టి అక్కడ గెలిచే సీసా దొరకడం కష్టం. నెయ్యి చాలు.

మన దేశపు సీసాలను చిన్నచూపు చూడొద్దు. నాసిక్‌లో సూలా అనే వైన్ కంపెనీ వాళ్లు 2000లో తొలిసారి విడుదల చేసినవి షెనిన్, సావిన్యాన్ బ్లాంకులే. బెంగళూరుకు దగ్గర్లోనే నంది కొండల కింద గ్రోవర్ వైన్ కంపెనీ ద్రాక్షతోటలున్నాయి, సెలవు రోజు పోయి చూసిరా. ఫ్రాన్సులో సెప్టెంబరు ప్రాంతంలో కోతలైతే నాసిక్‌లో జనవరి నుంచి మార్చి మధ్య కోస్తారు. మన ఎండలకు ద్రాక్షతీగ చలికాలపు నిద్ర పోదు. అందుకే ఏడాదికి రెండుసార్లు కత్తిరించి, ఒక్క పంటే తీస్తారు. ఇది చెప్తే గెస్టు చెవులు రిక్కించి వింటాడు, టిప్పు కూడా పెరుగుతుంది.

ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే పొయ్యొద్దు. 4 డిగ్రీల దగ్గర వాసన బిగుసుకుపోతుంది. పావుగంట బయట పెట్టు. తేలికవి 8 నుంచి 10, షార్డొనే 12 డిగ్రీల దగ్గర నోరు విప్పుతాయి. రుచి చూసింది ఉమ్మెయ్, సిగ్గుపడకు. మింగుతూ పోతే ఆరో గ్లాసు దగ్గర నాలుక అబద్ధాలు మొదలుపెడుతుంది. నేను చూసినోళ్లలో మంచి పనివాళ్లంతా ఉమ్మినోళ్లే.

మే నెలలో గంగమ్మ జాతరకు వచ్చేటప్పుడు ఒక షెనిన్ సీసా పట్టుకురా. అట్నుంచి తిరుమల కొండకు పోవాలనుకుంటే సీసా మా ఇంట్లోనే దించి పో, అలిపిరి దాటి అట్లాంటిదేదీ తీసుకుపోకూడదు. నాటుకోడి పులుసు మీ అత్త చేస్తుంది. కారం తగ్గించొద్దని ఇప్పుడే చెప్పా. ఐసుగడ్డలు నేను చూసుకుంటా.

ఇట్లు,
మీ మామ