కరోనా కాలంలో స్కాన్ చేసి, రాసి ఇచ్చిన మన వివరాలు ఏమయ్యాయి? మళ్లీ అడిగితే ఇవ్వాలా?

కర్నూలు నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది: "2020, 2021లో బట్టల షాపుకి పోయినా, డాక్టరు దగ్గరికి పోయినా క్యూఆర్ స్కాన్ చేయమన్నారు. లేదంటే పుస్తకంలో పేరు, ఫోన్ నంబరు రాయించుకున్నారు. కేంద్రం తెచ్చిన ఆరోగ్య సేతు యాప్ కూడా వేసుకోమన్నారు. అవన్నీ ఇప్పుడు ఎక్కడున్నాయి? రేపు ఇంకో రోగం వచ్చి మళ్లీ స్కాన్ చేయమంటే చేయాలా, వద్దా?"

అన్నా, ఈ మాట వచ్చినప్పుడల్లా అందరూ ఆరోగ్య సేతునే పట్టుకుంటారు. దాని సంగతి తర్వాత చెప్తా. ముందు షాపు గల్లా పక్కన, తాడుతో కట్టిన పెన్నుతో ఉండిన ఆ రిజిస్టరు సంగతి చూడాలి. మన వివరాలు ఎక్కువగా బయటపడింది అక్కడే అని నా గట్టి నమ్మకం.

ఆ పుస్తకం ఎట్లుండేదో గుర్తు తెచ్చుకోండి. లాంగ్ నోట్‌బుక్, స్కేలుతో గీసిన అయిదు గళ్లు: పేరు, ఊరు, ఫోన్ నంబరు, వచ్చిన టైము, టెంపరేచరు. పేజీకి ముప్పై మంది. ముప్పై ఒకటో మనిషి పెన్ను పట్టుకునేసరికి పైనున్న ముప్పై మంది నంబర్లూ కళ్లెదుటే. ఒక ఆడపిల్ల నంబరు రాసి లోపలికి పోతే, వెనకాల నిలబడినవాడు ఆ పేజీని ఫొటో తీసుకోవడానికి రెండు సెకన్లు చాలు. పేరు, ఊరు, నంబరు ఒకే వరసలో దొరుకుతాయి. ఇంతా చేస్తే, రోగం ఎవరి నుంచి ఎవరికి పాకిందో వెతకడానికి ఏఎన్‌ఎమ్‌కు కావలసింది నంబరు, తేదీ, సమయం మాత్రమే. "ఫలానా రోజు పొద్దున మీరు ఆ షాపులో ఉన్నారు, పరీక్ష చేయించుకోండి" అని చెప్పడానికి పేరు కూడా అక్కర్లేదు. టెంపరేచరు లోపలికి పంపాలా వద్దా అని ఆ నిమిషంలో చూసుకునేది. దాన్ని మనిషి పేరు పక్కన రాసి నెలల తరబడి దాచి ఏం చేస్తారు?

పుస్తకం నిండితే తూకానికే. పాత పేపర్ల వాళ్లకు కిలోల లెక్కన పోయి, చివరికి ఉగ్గాని బజ్జీ బండి దగ్గర పొట్లంగా తేలుతుంది. దీనికి చట్టం అడ్డం పడుతుందా అంటే, పడదు. 2023లో వచ్చిన వ్యక్తిగత డిజిటల్ డేటా రక్షణ చట్టం, పేరులో ఉన్నట్టే, డిజిటల్‌గా ఉన్న వివరాలకు, లేదా కాగితం మీద తీసుకుని తర్వాత కంప్యూటర్‌లోకి ఎక్కించిన వివరాలకు మాత్రమే వర్తిస్తుంది. పుస్తకంలోనే ఉండిపోయిన నంబరు దాని కిందికి రాదు.

కాగితమే వాడాలంటే పద్ధతి ఉంది. ఖర్చు పది రూపాయలు కూడా కాదు. ఏ4 కాగితాన్ని ఎనిమిది ముక్కలు చేసి పెట్టాలి. వచ్చినవాళ్లు ఒక ముక్క మీద నంబరు, టైము రాసి, మూతకు చీలిక పెట్టిన చెప్పుల డబ్బాలో వేస్తారు. ఒకరిది ఇంకొకరికి కనపడదు. రాత్రి షట్టరు దించేముందు ఆ రోజు చీటీలన్నీ ఒక కవరులో పోసి, అంటించి, పైన తేదీ రాయాలి. వైరస్ సోకినాక లక్షణాలు బయటపడటానికి ఎక్కువలో ఎక్కువ 14 రోజులు అన్న లెక్క మీదనే క్వారంటైన్ నడిచింది కాబట్టి, పదిహేనో రోజు ఆ తేదీ కవరు బయటికి తీసి, బకెట్ నీళ్లలో నానబెట్టి, ముద్ద చేసి పారేయాలి. ఉత్తగా చింపి వదిలేస్తే లాభం లేదు, ఎనిమిదో వంతు ముక్క మీద నంబరు అట్లాగే మిగులుతుంది. కేసు వస్తే ఆ రోజు కవరు ఒక్కటి చింపి ఇస్తే సరిపోతుంది, మిగతా పదమూడు రోజులవి మూతబడే ఉంటాయి.

ఇక క్యూఆర్. మన ఊళ్లలో చాలా షాపులు అతికించిన ఆ నల్లచుక్కల కాగితం ప్రభుత్వ యాప్ కాదు. ఓనరు మేనల్లుడో, గుమాస్తా కొడుకో పావుగంటలో తయారుచేసిన గూగుల్ ఫారం. ఇట్లాంటివి షాపులకు చేసిపెట్టే పని తెలిసినవాడిగా చెప్తున్నా, తప్పులు జరిగేది మూడు నాలుగు చోట్లే, కానీ ప్రతి షాపులో అవే జరుగుతాయి. ఒకటి, ఫారం ఎవరి సొంత జీమెయిల్‌తో చేశారో వివరాలు వాళ్ల సొంతమవుతాయి, షాపువి కావు. ఆ పిల్లోడు బెంగళూరులో ఉద్యోగానికి పోయినా మీ నంబరు అతని ఖాతాలోనే ఉంటుంది. రెండు, సెట్టింగుల్లో జవాబుల సారాంశాన్ని నింపినవాళ్లకు చూపించే మీట ఒకటి ఉంది. అది ఆన్‌లో ఉంటే, మీరు సబ్మిట్ నొక్కగానే వచ్చే లింకులో మీకంటే ముందు రాసినవాళ్ల నంబర్లు వరసగా కనపడతాయి. తాడు పెన్ను పక్కనుండిన ఆ పుస్తకమే, ఈసారి ఇంట్లో కూర్చుని చదివే వీలుతో. మూడు, గల్లాలో ఉన్నవాడు చూసుకోవడానికని షీటును "లింకు ఉన్న ఎవరైనా" అని షేర్ చేస్తారు. ఆ లింకు వాట్సాప్‌లో ఒకసారి పడితే అది ఎవరి దాకా పోయిందో కనుక్కోలేం.

చెరిపేయడంలో కూడా పొరపాటే. ఫారంలో రెస్పాన్సెస్ పక్కనున్న మూడు చుక్కలు నొక్కి జవాబులన్నీ డిలీట్ చేసి, పని అయిపోయిందనుకుంటారు. దానికి జోడించిన షీటులో వరసలన్నీ చెక్కుచెదరకుండా ఉంటాయి, ఎందుకంటే అది వేరే ఫైలు. షీటులో వరసలు చెరిపినా వెర్షన్ హిస్టరీలోకి పోతే పాతవి మళ్లీ కనపడతాయి. కాబట్టి షీటు ఫైలునే ట్రాష్‌లో వేయాలి, ట్రాష్‌ను కూడా ఖాళీ చేయాలి, లేకుంటే 30 రోజులు అక్కడే కూర్చుంటుంది. మధ్యలో ఎవరైనా ఎక్సెల్‌గా దించుకుని వాట్సాప్‌లో పంపి ఉంటే దానికి మందు లేదు. ఈ ప్రశ్న అడిగినవాళ్లు షాపు యజమాని అయితే ఈ రోజే తమ ఖాతా తెరిచి చూడండి. 2020 నాటి ఫారం ఇంకా జవాబులు తీసుకుంటూనే ఉండొచ్చు.

ఆరోగ్య సేతు దగ్గరికి వద్దాం. 2020 ఏప్రిల్ 2న వచ్చింది. మే 1న కేంద్ర హోం శాఖ ఉద్యోగులందరికీ తప్పనిసరి అంది, మే 17 ఉత్తర్వుల్లో దాన్ని వీలైనంత వరకు అని తగ్గించింది. పేరు, నంబరు, వయసు, లింగం, వృత్తి తీసుకునేది. పక్కనున్న ఫోన్లను బ్లూటూత్‌తో పసిగట్టడమే కాక జీపీఎస్ కూడా వాడింది. నాకున్న అసలు అభ్యంతరం అదే. ఎవరి పక్కన ఎంతసేపున్నామో తెలియడానికి బ్లూటూత్ చాలు, ఎక్కడున్నామో చెప్పే జీపీఎస్ అక్కర్లేదు. జబ్బు రానివాళ్ల వివరాలు సర్వర్‌లో 45 రోజులకు, వచ్చి తగ్గినవాళ్లవి తగ్గిన 60 రోజులకు తీసేస్తామని దాని గోప్యతా విధానంలో రాశారు. కానీ రిజిస్ట్రేషన్‌లో ఇచ్చిన పేరు, నంబరు మాత్రం ఖాతా ఉన్నంతకాలం ఉంటాయి. యాప్‌ను ఫోన్లో నుంచి తీసేస్తే ఖాతా పోదు. తీసేసే ముందు యాప్ సెట్టింగుల్లోకి పోయి ఖాతా డిలీట్ చేయాలి. చాలామంది ఆ పని చేయలేదు. ఇక కీప్యాడ్ ఫోన్ల వాళ్లకు 1921కి మిస్డ్ కాల్ ఇచ్చే ఏర్పాటు ఉండేది. మన పల్లెల్లో పెద్దవాళ్లకు పనికొచ్చేది అదే, దాని గురించి ప్రచారం మాత్రం తక్కువ.

"ప్రభుత్వం హామీ ఇచ్చింది కదా, వేరే పనికి వాడరు" అనేవాళ్లకు జర్మనీలోని మైంజ్‌లో జరిగింది చెప్పాలి. కరోనా కాలంలో అక్కడ హోటళ్లలోకి పోయేటప్పుడు లూకా అనే యాప్‌తో స్కాన్ చేసేవాళ్లు. దాని కట్టుదిట్టం మన గూగుల్ ఫారం లాంటిది కాదు. వివరాలకు రెండు తాళాలు, ఒకటి ఆరోగ్య శాఖది, ఒకటి హోటలుది. రెండూ కలిస్తేనే తెరుచుకుంటుంది. అది కూడా ఎవరికైనా జబ్బు బయటపడితేనే ఆరోగ్య శాఖ అడగాలి. 2021 నవంబరు చివర్లో ఒకాయన అక్కడి హోటలు నుంచి బయటికొస్తూ కిందపడి, తర్వాత చనిపోయాడు. సాక్షులు కావాలని పోలీసులు ఆరోగ్య శాఖను అడిగారు. చట్టం ప్రకారం ఆ వివరాలు పోలీసులకు ఇవ్వకూడదు. అయినా ఆరోగ్య శాఖ ఏం చేసిందంటే, ఆ రోజు ఆ హోటల్లో జబ్బు మనిషి ఉన్నట్టు యాప్‌లో ఒక దొంగ కేసు ఎక్కించింది. హోటలు తన తాళం తెరిచింది. 21 మందికి పోలీసుల నుంచి ఫోన్లు పోయాయి. 2022 జనవరిలో ఇది బయటపడ్డాక చట్టపరమైన ఆధారం లేదని ప్రాసిక్యూషన్ వాళ్లే ఒప్పుకుని క్షమాపణ చెప్పారు.

ఇందులో ఎవరూ యాప్‌ను హ్యాక్ చేయలేదు. తాళాలు పగలలేదు. తాళంచెవులు ఉన్నవాళ్లే తెరిచారు. అందుకే నేను ఎన్ని తాళాలు వేశారని అడగను, వివరాలు ఒకచోట పోగయ్యాయా లేదా అని అడుగుతా. పోగయితే ఏదో ఒక రోజు, ఏదో ఒక మంచి కారణం చెప్పి ఎవరో ఒకరు వస్తారు. సింగపూర్‌లో కూడా ఇంతే. జబ్బు వెతకడానికే అని చెప్పిన ట్రేస్‌టుగెదర్ అనే ప్రభుత్వ యాప్ వివరాలు నేర విచారణలో పోలీసులు తీసుకోవచ్చని 2021 జనవరిలో పార్లమెంటులోనే చెప్పారు. జనం గగ్గోలు పెట్టాక, ఏడు రకాల ఘోర నేరాలకే పరిమితం చేస్తూ ఫిబ్రవరిలో చట్టం తెచ్చారు.

పోగు చేయకుండా పని జరగదా అంటే, జరిగింది. ఇంగ్లండులో హోటలు తలుపు మీది పోస్టరును అక్కడి ప్రభుత్వ యాప్‌తో స్కాన్ చేస్తే, మీరు ఫలానా చోటికి పోయారన్న సంగతి మీ ఫోన్లోనే ఉండేది, 21 రోజులకు దానంతటదే చెరిగిపోయేది. అక్కడ జబ్బు బయటపడితే ఆ హోటలు కోడును, తేదీని అందరి ఫోన్లకూ పంపేవారు. ఫోను తన జాబితాతో సరిచూసుకుని, కలిస్తే తన మనిషిని హెచ్చరించేది. ఎవరెవరు పోయారో పైవాళ్లకు తెలియాల్సిన పనే లేదు. 2021 ఏప్రిల్లో, జబ్బు వచ్చినవాళ్లు తిరిగిన చోట్ల జాబితాను పైకి పంపేలా యాప్‌ను మార్చబోతే, మొదట్లో ఒప్పుకున్న షరతులకు ఇది విరుద్ధమని యాపిల్, గూగుల్ ఆ కొత్త వెర్షన్‌ను ఆపేశాయి. మైంజ్‌లో మాటతో ఆగనిది ఇక్కడ నిర్మాణంతో ఆగింది.

మన దగ్గర మళ్లీ ఇట్లాంటి రోజు వస్తే చట్టం ఎంత కాపాడుతుందో కూడా చెప్పాలి. ఆ 2023 చట్టం ఏడో సెక్షన్లోనే, అంటువ్యాధి సమయంలో వైద్య సేవలు అందించే చర్యలకు మన అనుమతి అడగకుండా వివరాలు వాడుకోవచ్చని ఉంది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి అక్కణ్నుంచి 18 నెలల గడువు పెట్టారు.

ఇదేదో చదువుకున్నోళ్ల పట్టింపు అనుకోవద్దు. 2020 ఏప్రిల్లో రాష్ట్రంలో కేసులు ఎక్కువగా ఉన్న జిల్లా మన కర్నూలే. అప్పుడు పాజిటివ్ వచ్చినవాళ్ల పేర్లు వీధులతో సహా వాట్సాప్‌లో తిరిగాయి. ఇల్లు ఖాళీ చేయమన్నవాళ్లున్నారు, పాలు పోయడం మానేసినవాళ్లున్నారు. అది చూసినవాడు జ్వరం వస్తే పరీక్షకు పోతాడా, డోలో వేసుకుని ముసుగు తన్ని పడుకుంటాడా? పేరు బయటికి పొక్కే చోట జబ్బు లోపలే దాక్కుంటుంది, దాక్కుని పదిమందికి పాకుతుంది.

కాబట్టి రేపు స్కాన్ చేయమంటే చేయండి, కానీ చూసి చేయండి. కెమెరా చూపించే చిరునామా ప్రభుత్వానిదా, ఎవరో చేసిన ఫారమా అని చూసుకోండి. గల్లా దగ్గర ఫోన్‌పే స్టిక్కరు పక్కనే ఇదీ ఉంటుంది కాబట్టి, స్కాన్ చేసినాక పిన్ అడిగితే వెంటనే బయటికి వచ్చేయండి. నంబరు, టైము తప్ప ఇంకేం ఇవ్వొద్దు. ఆధార్ అయితే అసలే వద్దు. 2021లో తెలంగాణలోకి పోవాలంటే పుల్లూరు టోల్ గేటు దగ్గర ఈ-పాస్ చూపించాల్సి వచ్చినప్పుడు, ఎంతోమంది నెట్ సెంటర్ అతని వాట్సాప్‌కు ఆధార్ ఫొటో పంపి దరఖాస్తు చేయించుకున్నారు. ఆ ఫొటోలు ఆ కంప్యూటర్ డౌన్‌లోడ్స్ ఫోల్డర్లో, అతని ఫోన్ గ్యాలరీలో పడి ఉంటాయి. తప్పనిసరైతే ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ సైటు నుంచి చివరి నాలుగు అంకెలే కనపడే మాస్క్‌డ్ ఆధార్ దించుకుని, అదే ఇవ్వండి. పని అయ్యాక అక్కడే నిలబడి, ఫోల్డర్లో నుంచి, రీసైకిల్ బిన్‌లో నుంచి రెండు చోట్లా తీయించండి.

ఇంకొకటి. కరోనా పోయింది కానీ, నంబరు అడిగే అలవాటు మాత్రం షాపులకు ఉండిపోయింది. టవల్ కొన్నా "నంబరు చెప్పన్నా" అంటారు. బిల్లు ఇవ్వడానికి మొబైల్ నంబరు కోసం పట్టుబట్టొద్దని 2023 మే నెలలోనే కేంద్ర వినియోగదారుల శాఖ వ్యాపారులకు చెప్పింది. "నంబరు వద్దు, కాగితం బిల్లు ఇవ్వు తమ్ముడూ" అనండి. కంప్యూటర్ ఒప్పుకోదని ఆ పిల్లోడు అంటే అబద్ధం చెప్పినట్టు కాదు, కొన్ని బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లలో ఆ గడిని తప్పనిసరి అని పెట్టి ఉంటారు. ఆ టిక్కు తీసేయడం ఓనరు చేతిలో ఉంటుంది, ఓనరునే పిలవమనండి.